వికారమునకు మణికట్టు నొక్కుట: పరిశోధనలు తెలుపుచున్నదేమి?

బిలాసపూరు చెంతనున్న బోద్రీలోను, రైల్వే కాలనీలలోను నివసించు తెలుగు కుటుంబములు స్వగ్రామములకు పోవలెనన్న రాయపూరు, టిట్లాగఢ్, రాయగడల మీదుగా పార్వతీపురము, విజయనగరముల వైపు సాగు రైలెక్కుదురు. రైలు దిగిన పిమ్మట బస్సు. కొండదారి మలుపులు మొదలగునప్పటికి ఏదో యొక బిడ్డకు కడుపులో త్రిప్పును. తల్లి నిమ్మకాయ వాసన చూపును. ప్రక్కన కూర్చున్న పెద్దామె బిడ్డ చేయి పట్టుకొని, మణికట్టుకు కొంచెము పైగా బొటనవ్రేలితో నొక్కి, “ఇక్కడ నొక్కమ్మా, తగ్గిపోవును” అని చెప్పును.

ఈ మాటలో నిజమెంత? ఇది కేవలము నమ్మకమా, లేక పరీక్షకు నిలిచిన విషయమా? ఈ ప్రశ్నను వైద్యశాస్త్రజ్ఞులు గత నలుబది సంవత్సరములుగా శ్రద్ధతో పరిశీలించుచున్నారు. వారికి లభించిన సమాధానమును, దాని హద్దులను ప్రజలు తెలిసికొనుట మేలు.

వాంతి యెట్లు కలుగును?

మెదడు అడుగుభాగమున వాంతిని నడపు నాడీకేంద్రములు కలవు. వానికి పలు దిక్కులనుండి వార్తలు అందుచుండును. కడుపుగాని ప్రేగులుగాని చెడినచో అచ్చటి నాడులు వార్త పంపును. రక్తములో విషపదార్థమో, ఘాటైన మందో చేరినచో దానిని పసికట్టు స్థానము మెదడులోనే యున్నది. శరీరపు కదలికను గుర్తించు అవయవము లోపలి చెవిలో కలదు. బస్సులో పుస్తకము చదువువానికి కన్ను “కదలుట లేదు” అని చెప్పగా, చెవి “కదలుచున్నాము” అని చెప్పును. ఈ తగవే ప్రయాణపు వికారమునకు మూలము. ఇవిగాక భయము, దుర్వాసన, పూర్వానుభవపు జ్ఞాపకము సైతము వికారము పుట్టింపగలవు.

కావున వికారము ఒక్కటే అయినను కారణములు అనేకములు. ఒక కారణమున పనిచేసిన ఉపాయము వేరొక కారణమున పనిచేయవలెనన్న నియమము లేదు. ఈ సంగతిని మనస్సునందుంచుకొని తక్కిన విషయము చదువవలెను.

ఆ స్థానము ఎచ్చట నున్నది?

చీనా వైద్యులు దీనిని ‘నైగ్వాన్’ అందురు. ‘లోపలి ద్వారము’ అని దాని అర్థము. వైద్యగ్రంథములు ‘పి-6’ అని వ్యవహరించును. అరచేతిని పైకి త్రిప్పి, మణికట్టు ముడుతపై రెండవ చేతి మూడు వ్రేళ్లను అడ్డముగా ఆనించవలెను. చూపుడువ్రేలు మోచేతి వైపునకు రావలెను. ఆ వ్రేలి అంచున, చేతి నడుమ త్రాళ్లవలె తగులు రెండు స్నాయువుల మధ్యనున్న పల్లమే ఆ స్థానము. అచ్చట సన్నని సూదిని గ్రుచ్చుట ఆక్యుపంక్చర్. వ్రేలితోగాని గుండీగల పట్టీతోగాని ఒత్తిడి కలిగించుట ఆక్యుప్రెషర్.

నిజమును తేల్చుట యెట్లు?

“నొక్కితిని, తగ్గినది” అన్నంత మాత్రమున నొక్కుట చేతనే తగ్గినదని చెప్పజాలము. వికారము తనంత తానుగ తగ్గుట కలదు. ఒకరు చేయి పట్టుకొని ఓదార్చుట వలనను, తగ్గునన్న నమ్మకము వలనను ఉపశమనము కలుగుట కలదు. అందుచే పరిశోధకులు రోగులను చీట్లు వేసినట్లు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు సరియైన చోటను, మరియొక వర్గమునకు సంబంధములేని చోటను, లేదా ఒత్తిడి లేని పట్టీతోను చికిత్స చేయుదురు. ఈ రెండవదానిని మిథ్యాచికిత్స యందురు. రెండు వర్గముల నడుమ కనబడు భేదమే ఆ స్థానముయొక్క నిజమైన ఫలము.

శస్త్రచికిత్స తరువాత

మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేసిన పిమ్మట పలువురికి వికారము కలుగును. బెల్‌ఫాస్ట్ నగరమున మత్తువైద్య ఆచార్యులైన డండీ, ఆయన సహచరులు చిన్న శస్త్రచికిత్సలకు వచ్చిన స్త్రీలకు ఈ స్థానమున సూది గ్రుచ్చి, వాంతులు తగ్గుటను గమనించి, 1986లో ప్రకటించిరి. నేటి పరిశోధనలకు అది పునాది.

మన దేశమున లక్నోలోని సంజయ్ గాంధీ స్నాతకోత్తర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు చేసిన రెండు పరీక్షలు గమనింపదగినవి. 2000లో ప్రకటింపబడిన మొదటిదానిలో మూత్రావయవములకు దూరదర్శినీ శస్త్రచికిత్స పొందిన 200 మందికి పట్టీలు కట్టి చూడగా మేలు కనబడలేదు. 2002లో ప్రకటింపబడిన రెండవదానిలో చిన్న రంధ్రముల ద్వారా పిత్తాశయము తొలగింపబడిన 150 మందిని పరీక్షింపగా, మొదటి ఆరు గంటలలో పట్టీ ఒండాన్‌సెట్రాన్ అను వాంతి మందుతో సమానముగా పనిచేసినది. ఒకే సంస్థ రెండు విధముల ఫలితములను దాచక ప్రకటించుట శాస్త్రమునకు శోభ.

ఇట్టి పరీక్షలు 59 కూర్చి, 7667 మంది వివరములను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2015లో వెలువడినది. మిథ్యాచికిత్స పొందినవారిలో 100 మందికి వికారము కలిగినచోట, సరియైన చికిత్స పొందినవారిలో సుమారు 68 మందికే కలిగినది. వాంతులు 100కు బదులు సుమారు 60 మందికి కలిగినవి. అయితే పెక్కు పరీక్షల నాణ్యత గొప్పది కాదని సమీక్షకులే హెచ్చరించిరి.

కేన్సరు చికిత్సలో

2000లో అమెరికాలో ప్రకటింపబడిన పరీక్షలో, రొమ్ము కేన్సరునకు తీవ్రమైన మోతాదులో కీమోథెరపీ పొందుచున్న 104 మంది స్త్రీలు పాల్గొనిరి. అందరికిని వాంతి మందులు ఇయ్యబడెను. ఐదు దినములలో వాంతుల మధ్యమ సంఖ్య మందులు మాత్రమే పొందినవారిలో 15. విద్యుత్ప్రేరణ లేక నామమాత్రముగా సూదులు పొందినవారిలో 10. విద్యుత్ప్రేరణతో కూడిన సూదులు పొందినవారిలో 5. కాని సూదులు ఆపిన పిదప ఆ భేదము నిలువలేదు. బ్రిటనులో 500 మంది రోగులపై మణికట్టు పట్టీలను పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితములలో, నిజమైన పట్టీకిని మిథ్యాపట్టీకిని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అనగా సూదికి చెందిన ఫలితమును పట్టీకి అంటగట్టరాదు.

వేవిళ్లు, ప్రయాణములు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరమున 593 మంది గర్భిణులతో జరిగిన పరీక్ష 2002లో వెలువడినది. సంప్రదాయ పద్ధతిలో సూదులు పొందినవారికి మొదటి వారముననే వికారము తగ్గెను. పి-6 ఒక్కచోటనే పొందినవారికి రెండవ వారమునను, మిథ్యాచికిత్స పొందినవారికి మూడవ వారమునను తగ్గెను. వాంతులలో మాత్రము భేదము లేదు. వేవిళ్లపై జరిగిన ఇతర పరీక్షల ఫలితములు ఒక దారిన లేవు. ప్రయాణపు వికారము విషయమునను అంతియే.

ఎట్లు నొక్కవలెను?

పైన చెప్పిన స్థానమున బొటనవ్రేలితో గట్టిగా, నొప్పి కలుగకుండ, రెండు మూడు నిమిషములు నొక్కవలెను. పిమ్మట రెండవ చేతిని నొక్కవలెను. పుండు, వాపు, విరుపు ఉన్న చేతిని నొక్కరాదు. పట్టీ చేతిని కోయునంత బిగువుగా ఉండరాదు. ప్రయాణములో ముందు సీటున కూర్చుండి, దూరమునకు చూచుచు, పుస్తకమును, ఫోనును ప్రక్కనుంచుట మంచిది.

సూది చికిత్స ఇంటిలో చేసికొనదగినది కాదు. శిక్షణ పొందినవారే, ఒక్కసారి మాత్రమే వాడు శుద్ధమైన సూదులతో చేయవలెను. ఒకరికి వాడిన సూది మరియొకరికి కామెర్లు తెచ్చు హెపటైటిస్ క్రిములను అంటింపగలదు. రక్తము పలుచబరచు మందులు వాడువారును, గర్భిణులును ముందుగా తమ వైద్యునికి తెలుపవలెను.

ఎప్పుడు ఆలస్యము కూడదు?

వాంతిలో రక్తముగాని కాఫీపొడివంటి పదార్థముగాని కనబడినను, ఛాతీనొప్పి, విడువని కడుపునొప్పి, మెడ బిగుసుకొనుటతో కూడిన తలనొప్పి, తలకు దెబ్బ తగిలిన పిదప వాంతి కలిగినను, పసిబిడ్డ పచ్చని వాంతి చేసికొన్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. 108కి ఫోను చేయవలెను. గర్భిణికి మంచినీరు సైతము ఇముడనపుడు, మూత్రము తగ్గినపుడు, తల తిరిగినపుడు “వేవిళ్లే గదా” అని ఉపేక్షింపరాదు. విరేచనములతో కూడిన వాంతులకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిపై వ్రాసిన కొలత ప్రకారము శుభ్రమైన నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను.

బస్సులోని పెద్దామె మాట అబద్ధము కాదు. సంపూర్ణ సత్యమును కాదు. మణికట్టు నొక్కుటకు ఖర్చు లేదు, హాని లేదు. కొందరికి ఊరట కలుగును. కాని వైద్యుడు ఇచ్చిన మందును మాని దీనిని నమ్ముకొనుటయు, దీనిని నొక్కుచు ప్రమాదకరమైన వ్యాధికి కాలము నిచ్చుటయు తగవు. ఒక చేత మణికట్టు నొక్కుచున్నను, రెండవ చేత వైద్యుని తలుపు తట్టుటకు వెనుదీయరాదు.