సంతకం అమ్మానాన్నలది, ఒళ్లు బిడ్డది

అమెరికాలో మగబిడ్డను కన్న తెలుగు దంపతులు ఆసుపత్రిలో ఒక ప్రశ్నకు తెల్లబోతుంటారు: సున్తీ చేయించమంటారా? మన ఊళ్లలో అది ముస్లింల ఇళ్లలో జరిగే ఒడుగుల వేడుక. అక్కడ మతంతో పనిలేకుండానూ చేయిస్తారు. 2010లో అక్కడి ఆసుపత్రుల్లో పుట్టిన మగపిల్లల్లో సుమారు 58 శాతం మందికి ఇల్లు చేరకముందే అయిపోయింది. ఇక ఫోన్లలో సలహాలు, వాటితోపాటు అపోహలూ మొదలు.

అపోహ: అమెరికా డాక్టర్లే అందరికీ చేయించమంటున్నారు.

అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2012లో రెండు మాటలంది. ముప్పు కంటే లాభాలు ఎక్కువ. అయినా ప్రతి బిడ్డకూ చేయించమనేంత కాదు. మొదటి మాటే ఊరంతా తిరిగింది. అంతకు రెండేళ్ల ముందే నెదర్లాండ్స్ వైద్యుల సంఘం, వైద్య అవసరం లేని సున్తీ పిల్లల శరీర హక్కుకు విరుద్ధమని తేల్చింది.

అపోహ: అంగం ముందరి చర్మం వెనక్కి రాకపోతే కోయించాల్సిందే.

పసివాళ్లలో అది లోపల అతుక్కునే ఉంటుంది, పెరిగేకొద్దీ దానంతటదే విడివడుతుంది. బ్రిటన్ వైద్యుడు డగ్లస్ గైర్డ్‌నర్ 1949లోనే ఈ సంగతి రాశాడు. స్నానం చేయించేటప్పుడు బలవంతాన లాగితే చీరుకుని, మచ్చకట్టి, లేని జబ్బు వస్తుంది. మూత్రం పోయడం కష్టమైనా, పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చినా డాక్టరుకు చూపించాలి.

అపోహ: పసికందుకు నొప్పి తెలియదు.

తెలుస్తుంది. మత్తు ఇవ్వకుండా చేయకూడదు.

అపోహ: సున్తీ అయితే ఎయిడ్స్ రాదు.

దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన పరీక్షల్లో స్త్రీ నుంచి పురుషుడికి హెచ్ఐవి సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గింది. అంతేగాని పూర్తిగా పోలేదు, కండోమ్ అవసరమూ తీరలేదు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది ఆ జబ్బు బాగా పాకిన ప్రాంతాలకే. పైగా ఆ పరీక్షల్లో చేరినవాళ్లు పెద్దవాళ్లు, తమంతట తాము ఒప్పుకున్నవాళ్లు. ఈ లాభం కోసమే అయితే కుర్రాడు ఎదిగి తానే చెప్పేదాకా ఎందుకు ఆగకూడదు? దీనికి నాకు గట్టి జవాబు దొరకలేదు. పసితనంలో అయితే సులువు, తొందరగా మానుతుందంటారు. నిజమే. మొదటి ఏడాది మూత్రనాళ ఇన్ఫెక్షన్లూ తగ్గుతాయి. కానీ ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఒక్కరికి అది తప్పాలంటే సుమారు వందమందికి కోయాలి.

అపోహ: జర్మనీ నిషేధించింది.

2012లో కొలోన్ కోర్టు, నాలుగేళ్ల ముస్లిం బాలుడి కేసులో, దీన్ని శరీరానికి చేసిన గాయమంది. డాక్టరును మాత్రం వదిలేసింది. యూదులూ ముస్లింలూ భగ్గుమన్నారు. ఆ డిసెంబరులోనే పార్లమెంటు, వైద్య ప్రమాణాలు పాటిస్తే తల్లిదండ్రులు చేయించవచ్చని చట్టం చేసింది. మన దగ్గర, పిల్లల సున్తీని చట్టవిరుద్ధమని ప్రకటించాలన్న పిటిషన్‌ను 2023లో కేరళ హైకోర్టు కొట్టేసింది.

అపోహ: మతం దగ్గర మినహాయింపులుండవు.

ఇస్లాంలో ఫలానా రోజేనన్న పట్టింపు లేదు. యూదులకు ఎనిమిదో రోజు ముఖ్యం, ఆ రోజు దాటడమంటే వాళ్లకు చిన్న విషయం కాదు. అయినా బిడ్డకు నలతగా ఉంటే వాయిదా వేస్తారు. ఒక తల్లికి ఇద్దరు కొడుకులు సున్తీ వల్ల పోతే మూడోవాడి జోలికి వెళ్లొద్దని వాళ్ల ధర్మగ్రంథం తాల్ముద్‌లోనే ఉంది.