ఇంద్రియసమన్వయ పరీక్షలు – తెలుగు పలుకుబడి

చిత్తూరు జిల్లాలోని కాణిపాక క్షేత్రమునకు సంబంధించిన ఐతిహ్యము తెలుగువారికి సుపరిచితము. గ్రుడ్డి, మూగ, చెవిటి యగు మువ్వురు సోదరులు కాణి పొలమును సాగుచేసికొనుచు, ఎండిన బావిని లోతుచేయబోగా పనిముట్టు శిలకు తగిలి నెత్తురు చిమ్మెననియు, అంతట వారి వైకల్యములు తొలగెననియు స్థలపురాణము చెప్పుచున్నది. ఆ సోదరుల లోపము చూచువారికి వెంటనే తెలియునది. మేమిచట పరిశీలింపదలచినది అట్లు తెలియని యిబ్బందిని. కన్ను చూచును, చెవి వినును; అయినను వానినుండియు, చర్మము, కండరములు, కీళ్లు, లోపలిచెవి నుండియు వచ్చు సమాచారమును మెదడు పొందికగా కూర్పజాలదు. అట్టి బిడ్డ మొండివాడనియు, సోమరియనియు పేరు తెచ్చుకొనును. బడిలో దెబ్బలును తినును.

ఈ విషయమును శాస్త్రముగా రూపొందించినది అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపీ నిపుణురాలు జీన్ ఎయిర్స్ (1920–1988). ఆమె గ్రంథమును, తొలి పరీక్షల సంపుటియు 1972లో వెలువడినవి. 1989 నాటి పరీక్షావళిలో 17 పరీక్షలు కలవు. అవి నాలుగేండ్లు మొదలు తొమ్మిదేండ్లు నిండని పిల్లలకు ఉద్దిష్టములు. కంటికి కనబడకుండ ఒక వ్రేలిని తాకి, ఏ వ్రేలిని తాకితిమో చూపుమనుట. చేతి వెనుక గీసిన గీతను తిరిగి గీయుమనుట. ఒంటికాలిపై నిలుపుట మొదలగునవి అందలి పనులు. 1999లో విన్నీ డన్ ప్రకటించిన ప్రశ్నావళి మరియొక తెరగుది: అందు పెంచువారే బిడ్డ నడవడిని గూర్చి సమాధానములిత్తురు.

ఇవి తెలుగులోనికి వచ్చునప్పుడు భాషాశాస్త్రమునకు పని కలుగును. మాటతో చెప్పిన భంగిమను బిడ్డచే చేయించు పరీక్ష ఒకటి కలదు. ఆంగ్లమున ఆజ్ఞార్థక్రియ ముందే వినబడును. “ఎడమచేతిని కుడిమోకాలిపై పెట్టు” అనునపుడు మన బిడ్డ క్రియ వినబడువరకు తక్కిన మాటలన్నిటిని మనసున నిలుపుకొనవలెను. అట్లగుటచే పరీక్షింపబడునది శరీరచలన యోజనయా, జ్ఞాపకశక్తియా యను సందేహము తప్పదు. ఇక కుడియెడమలు పేరుతో నేర్వక, అన్నము తినుచేయి యని మాత్రమే యెరిగిన పసివాని సంగతి చెప్పనక్కరలేదు!

ప్రశ్నావళిలో చిక్కు మరియొక విధమైనది. మేజోళ్ల కుట్టు గ్రుచ్చుకొనుచున్నదా యని అడుగుటకంటె, సంగటిముద్ద చేతికంటినంతనే చేయి విదల్చునా, తలంటుటకు నూనె ముట్టనిచ్చునా, జాతరలో రంగులరాట్నమునకు జంకునా యని అడుగుట రాయలసీమ తల్లికి సుబోధకము. అట్లని మన ఆచారములన్నియు పనికిరావు. పుట్టువెండ్రుకలు తీయునపుడు ఏడ్వని బిడ్డ అరుదు. ఎల్లరకు ఒకే సమాధానము వచ్చు ప్రశ్న ఎవరిని వేరుచేయజాలదు. క్రియాపదములును జాగ్రత్తగా ఎంచదగినవి. విసుగుకొనుట, జడియుట, ఏవగించుకొనుట ఒకటి కావు. గరుకు, జిగురు, కితకిత అను మాటలు స్పర్శభేదములను చక్కగా తెలుపును.

మాటలు కుదిరినంతమాత్రమున సాధనము సిద్ధము కాదు. తల్లులచే ప్రశ్నను తమ మాటలలో తిరిగి చెప్పించి, వారికేమి బోధపడెనో చూడవలెను. ఇరువురు పరీక్షకులు ఒకే బిడ్డకు సమీపమైన గణన మిత్తురో లేదో, కొలదిదినములకు మరల అడిగిన ఫలితము నిలుచునో లేదో తేల్చవలెను. ఇబ్బంది లేని తెలుగు పిల్లల నుండి వయస్సువారీ ప్రమాణములు సేకరింపవలెను; అమెరికా పిల్లల ప్రమాణముతో మనవారిని కొలుచుట అన్యాయము. అంతకుముందే దృష్టి, శ్రవణ పరీక్షలు జరిగియుండవలెను.

ఈ యిబ్బందిని ప్రత్యేక రోగముగా నిర్ణయింపరాదని అమెరికా శిశువైద్య సంఘము 2012లో వైద్యులకు సూచించినది. ఆ హెచ్చరికను మేము మన్నింతుము. కావుననే తెలుగు ప్రశ్నావళి బిడ్డకు పేరు పెట్టుటకుగాక, స్నానము, భోజనము, వ్రాత, ఆట – వీనిలో ఎచట తోడ్పాటు కావలెనో చూపునట్లు కూర్పదగియున్నది. ‘మీ బిడ్డలో ఏమి లోపము?’ అను ప్రశ్న తొలిపుటలో నుండరాదు. ‘ఉదయము లేచినది మొదలు ఏ పనివద్ద పేచీ వచ్చును?’ అని మొదలిడిన చాలును.