మేడారంలో ఏటీఎం లైన్లో నిలబడే ముందు ఇది వినండి

మేడారం జాతరలో జనం లక్షల్లో ఉంటారు, సిగ్నల్ ఉండదు, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. ఇక దిక్కు ఏటీఎమే. పోయిన జాతరలో నాకు 2,000 కట్ అయ్యాయి, నోట్లు మాత్రం రాలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు లెక్క చూద్దాం. నెలకు మన బ్యాంకు ఏటీఎంలో 5 సార్లు ఫ్రీ. వేరే బ్యాంకుదైతే మెట్రో సిటీల్లో 3, మేడారం లాంటి చోట 5. అది దాటితే ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పైన జీఎస్టీ. 2025 మే 1 నుంచి ఇదే రేటు. వేరే బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకున్నా ఒకటి ఖర్చయినట్టే!

మెషీన్‌లో డబ్బు లేకపోయినా, టెక్నికల్‌గా ఫెయిలైనా అది లెక్కలోకి రాదు. మన ఖాతాలో డబ్బు చాలక ఫెయిలైతే మాత్రం చాలా బ్యాంకులు ఛార్జీ వేస్తాయి.

మరి డబ్బు కట్ అయి, నోట్లు రాకపోతే? స్లిప్ దాచుకోండి, కార్డు ఇచ్చిన బ్యాంకుకు కంప్లైంట్ పెట్టండి. ఆ రోజు తర్వాత 5 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు బ్యాంకే మీకివ్వాలి, అడక్కపోయినా సరే. ఇది 2019 నాటి ఆర్‌బీఐ రూల్.

తల్లులకు బంగారం మొక్కుదాం. బ్యాంకుకు మాత్రం ఊరికే ఎందుకు సమర్పించుకోవాలి?