ఖోలీ అనామతు: ఇచ్చిన సొమ్మును తిరిగి పొందే మార్గం

ముంబైలో ఇల్లు వెదకుకొనే తెలుగు కుటుంబానికి మొదట వినిపించే మాట కిరాయి కాదు, డిపాజిట్. ఊరిలో గొడ్డూ గోదా అమ్మో, బంగారం కుదువబెట్టో, చిట్టీ పాడుకొనో తెచ్చిన సొమ్ము ఒక్క రోజులో చేతులు మారుతుంది. ఖోలీ తాళంచెవి చేతికి వస్తుంది. ఆ సంతోషంలో కాగితం సంగతి వెనుకబడుతుంది. ఖాళీ చేసే నాటికి గాని ఆ కాగితం విలువ తెలియదు. డిపాజిట్ ఇచ్చేటప్పుడు, ఇంటిలో ఉన్నన్నాళ్లు, విడిచి వెళ్లేటప్పుడు ఏయే జాగ్రత్తలు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుండి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల పేరు మీదనే కామాఠీపుర వెలసినది. ఇక్కడి గల్లీలలోని చాళ్లలో తరతరాలుగా ఉన్న కుటుంబాలూ ఉన్నాయి, నిన్న మొన్న దిగినవారూ ఉన్నారు. మొదటివారిలో పలువురు పగిడీ కిరాయిదారులు. కాలక్రమంలో పిల్లలు ఎదిగి భివండీకో నవీ ముంబైకో తరలిపోగా, పాత ఖోలీని కొత్తవారికి డిపాజిట్ మీద ఇవ్వడం పరిపాటి అయినది. కొత్తగా వచ్చినవారికి ఇల్లిచ్చేవారు తరచుగా మనవారే. చిక్కు మొదలయ్యేది కూడా అక్కడే. “మనూరి వాడే గదా, కాగితమెందుకు?” అన్న మొగమాటం వెనుక ఎందరి కష్టార్జితమో నిలిచిపోయినది.

ఆ సొమ్ము ఎక్కడ ఉంటుంది?

డిపాజిట్ రెండు విధాలు. కొన్ని నెలల కిరాయితో సమానమైన మొత్తాన్ని భద్రత కొరకు ఉంచి, నెల నెలా కిరాయి చెల్లించడం ఒకటి. రెండవది ‘హెవీ డిపాజిట్’. ఇందులో లక్షలలో ఒక్కసారి చెల్లిస్తే నెల కిరాయి నామమాత్రంగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. ఇచ్చిన సొమ్ముపై రాగల వడ్డీయే కిరాయికి బదులని ఉభయులూ భావిస్తారు.

ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. మీరిచ్చిన సొమ్ము ఏ పెట్టెలోనూ భద్రంగా ఉండదు. తీసుకున్నవారు దానిని కూతురి పెండ్లికో, వేరొక ఇంటి వాయిదాకో, వ్యాపారానికో ఖర్చు పెడతారు. మీరు ఖాళీ చేసే నాడు ఆ మొత్తం, తరువాత వచ్చేవారు ఇచ్చే డిపాజిట్ నుండి రావలసినదే. కొత్తవారు దొరకకపోతే మీ సొమ్ము ఆగిపోతుంది. కనుక ఆలస్యమంతా మోసమే కానక్కరలేదు. కాని కారణమేదైనా ఆ నష్టం మీరు భరించవలసినది కాదు. అందుకే ‘ఎప్పటిలోగా తిరిగి ఇస్తారు, ఇవ్వకపోతే ఏమి’ అన్న రెండు ప్రశ్నలకు సమాధానం మొదటి రోజునే కాగితం మీదికి రావాలి.

2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహానికి డిపాజిట్ రెండు నెలల అద్దెను మించరాదని చెప్పినది. అయితే అది ఒక నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకొంటేనే అమలులోకి వస్తుంది. మన రాష్ట్రంలో వ్యవహారాలు 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టాన్ని అనుసరించి నడుస్తున్నాయి. ఇంటి యజమాని అడిగే డిపాజిట్‌కు హద్దు లేదు గనుక, రక్షణ అంతా ఒప్పందంలోనే ఉన్నది.

ముప్పై రూపాయల ఆదా

అనువాద విభాగంలో పనిచేస్తున్నందువలన మరాఠీలో, ఇంగ్లీషులో ఉన్న కాగితాలు చదివించుకొనేందుకు కొందరు నా వద్దకు వస్తుంటారు. ఒకనాడు ఒక తల్లి లైసెన్సు ఒప్పందం తెచ్చినది. ఆమె చెల్లించినది 1,50,000 రూపాయలు. కాగితంలో ఉన్నది 25,000. “మొత్తం రాస్తే స్టాంపు ఖర్చు పెరుగుతుందన్నారు సారూ, వేలిముద్ర వేసిన” అన్నది.

ఆ పెరిగే ఖర్చు ఎంతో లెక్క వేద్దాం. మహారాష్ట్రలో లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందానికి స్టాంపు సుంకం 0.25 శాతం. ఈ శాతాన్ని డిపాజిట్ మొత్తం మీద లెక్కించరు. గడువు కాలపు మొత్తం కిరాయి, తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్‌పై ఏడాదికి 10 శాతం చొప్పున లెక్కగట్టిన వడ్డీ, తిరిగి ఇవ్వనక్కరలేని సొమ్ము ఏదైనా ఉంటే అది, ఈ మూడూ కలిపి దానిపై లెక్కిస్తారు. ఆమె కాగితంలో దాచిన 1,25,000 రూపాయలపై 11 నెలల వడ్డీ సుమారు 11,458 రూపాయలు. అందులో 0.25 శాతం 29 రూపాయలు. పై మొత్తాన్ని గుండ్రపు సంఖ్యకు సరిచేసినా తేడా నూరు రూపాయలను మించదు. నగరంలో రిజిస్ట్రేషన్ రుసుము 1,000 రూపాయలు. అది డిపాజిట్ పెరిగినంత మాత్రాన పెరిగేది కాదు. ముప్పై రూపాయలు మిగుల్చుకొనేందుకు లక్షా పాతికవేలకు సాక్ష్యం లేకుండా పోయినది. (ఈ రేట్లను ప్రభుత్వం మార్చవచ్చు. చెల్లించే రోజున సరిచూసుకొనవలెను.)

అదృష్టవశాత్తు సొమ్ము ఇచ్చిన నాడే ఆమె బ్యాంకు నుండి లక్ష రూపాయలు తీసినట్లు పాసుబుక్కులో ఉన్నది. ఎదుటి ఖోలీవారు సాక్ష్యానికి నిలిచారు. పెద్దల మధ్య మాట జరిగి, లక్ష రూపాయలు మూడు విడతలలో చేతికి వచ్చాయి. మిగిలిన యాభై వేలలో కాగితం మీద ఉన్న 25,000 కూడా దక్కినది. తక్కినది దక్కలేదు.

రిజిస్ట్రేషన్ ఎందుకు?

అద్దె నియంత్రణ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం అద్దె ఒప్పందమైనా, లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందమైనా రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావాలి. గడువు 11 నెలలే గనుక అక్కరలేదన్న మాట మహారాష్ట్రలో చెల్లదు. రిజిస్టరు చేయించవలసిన బాధ్యత ఇల్లిచ్చేవారిది. చేయించకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రిజిస్టరైన ఒప్పందం లేని పక్షంలో, షరతుల విషయమై ఇంట్లో ఉన్నవారు చెప్పిన మాటనే, అది తప్పని రుజువయ్యే వరకు, చట్టం అంగీకరిస్తుంది.

అయితే రిజిస్టరైన కాగితంలోనే తక్కువ మొత్తం రాసి ఉంటే, ఈ రక్షణ మీకు అందదు. మీరు సంతకం చేసిన అంకె మీకే ఎదురు సాక్ష్యమవుతుంది. ఈ కారణం చేత తక్కువ అంకె ఉన్న ఒప్పందంపై ఎవరు చెప్పినా వేలిముద్ర వేయరాదు.

ఇప్పుడు ఆధార్ సాయంతో ఇంటివద్దనే ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ జరుగుతున్నది. ఏజెంటు యంత్రం ముందుంచి వేలు పెట్టమనగానే పెట్టకండి. తెర మీద ఉన్న డిపాజిట్ అంకెను, గడువు తేదీలను, ఇంటి చిరునామాను చదివించుకొని వినండి. పని పూర్తయిన తరువాత ఒప్పందపు ప్రతిని, ఇండెక్స్-2 పత్రాన్ని అడిగి తీసుకోండి.

కాగితంలో కనిపించే మరాఠీ మాటలు

ఒప్పందం మరాఠీలో ఉంటే ఈ మాటలు గుర్తించండి. ‘అనామత్ రక్కమ్’ అంటే డిపాజిట్ సొమ్ము. అనామతు అన్న మాట మన పద్దు పుస్తకాలలోనూ ఉన్నదే. ‘భాడే’ అంటే కిరాయి. ‘ముదత్’ అంటే గడువు. ‘పావ్తీ’ అంటే రసీదు. ‘పరత్’ అంటే తిరిగి ఇవ్వడం. ‘థక్‌బాకీ’ అంటే చెల్లించవలసిన పాత బాకీ. ‘వజా’ అంటే తగ్గించుకోవడం. ‘దురుస్తీ’ అంటే మరమ్మతు. అనామత్ అన్న మాట పక్కన వజా, దురుస్తీ అన్నవి కనిపిస్తే, ఏ మరమ్మతుకు ఎంత తగ్గిస్తారో తేల్చుకొన్న తరువాతనే సంతకం చేయండి.

ఒప్పందంలో ఉండవలసినవి

డిపాజిట్ మొత్తం అంకెలలోను అక్షరాలలోను ఉండాలి. ఏ తేదీన, ఏ విధంగా చెల్లించారో చెక్కు సంఖ్యతోనో బ్యాంకు లావాదేవీ సంఖ్యతోనో రాయించాలి. నగదు తప్పనిసరి అయితే ఇద్దరు సాక్షుల ఎదుట ఇచ్చి, సంతకం చేసిన రసీదు ఆ క్షణాననే తీసుకోవాలి. సొమ్ము ఇంటివారి ఖాతాకే చేరాలి, దళారీ ఖాతాకు కాదు.

తాళంచెవి అప్పగించడం, సొమ్ము తిరిగి ఇవ్వడం ఒకే రోజున జరగాలని రాయించండి. ఇవ్వకపోతే ఎంత వడ్డీ చెల్లించాలో, సొమ్ము అందే వరకు కిరాయి లేకుండా ఇంటిలో ఉండవచ్చునో స్పష్టంగా ఉండాలి. ఈ షరతు చాలా ముఖ్యం. ఇది లేకుండా గడువు దాటి కూర్చుంటే 24వ సెక్షన్ ప్రకారం కిరాయికి రెట్టింపు నష్టపరిహారం కట్టవలసి రావచ్చు. ‘డిపాజిట్ ఇచ్చేదాకా కదలను’ అన్న పంతం, కాగితం బలం లేనిచోట, మన మెడకే చుట్టుకుంటుంది.

వాడకం వలన సున్నం వెలిసిపోవడం వేరు, తలుపు విరగడం వేరు. మొదటిదానికి కోత ఉండరాదని, రెండవదానికి బిల్లు చూపిన మేరకే కోత ఉండాలని రాయించండి.

పాత భవనం, పగిడీ ఖోలీ

మీకు ఖోలీ ఇస్తున్నవారు యజమానియా, పగిడీ కిరాయిదారా అని మొదటనే అడగండి. కిరాయిదారైతే వారి పేరున ఉన్న కిరాయి రసీదును, విద్యుత్ బిల్లును, భవన యజమాని ఇచ్చిన అనుమతి పత్రాన్ని చూపమనండి. అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, అసలు కిరాయిదారునే ఖాళీ చేయించేందుకు చట్టం గుర్తించిన కారణాలలో ఒకటి. ఆయన హక్కు పోతే ఆయన వెనుక ఉన్న మీ నివాసమూ పోతుంది.

కామాఠీపురలోని పలు భవనాలు శిథిలావస్థలో ఉన్నాయి. పునరభివృద్ధి పనిని మ్హాడా చేపట్టినది. భవనం ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు తాత్కాలిక నివాసమైనా, కొత్త ఇల్లైనా గుర్తింపు పొందిన కిరాయిదారుకే చెందుతుంది గాని, ఆయన వద్ద డిపాజిట్ మీద ఉన్నవారికి కాదు. అందుచేత ‘భవనాన్ని ఖాళీ చేయమని నోటీసు వచ్చినచో ఇన్ని రోజులలో డిపాజిట్ పూర్తిగా తిరిగి ఇవ్వబడును’ అన్న వాక్యం ఒప్పందంలో తప్పక ఉండాలి. భవనానికి ఇదివరకే నోటీసు అంటించి ఉన్నదేమో, పొరుగువారిని అడిగి తెలుసుకోండి.

చేరే రోజు, విడిచే రోజు

చేరే రోజున గోడలు, పైకప్పు, తలుపులు, మోరీ, కుళాయి ఫోటోలు తీసి ఇంటివారికి ఫోనులో పంపండి. పంపిన తేదీయే సాక్ష్యం. మీటరు అంకె కూడా ఫోటో తీయండి. ఒప్పందాన్ని పొడిగించిన ప్రతిసారి, పాత డిపాజిట్ కొత్త ఒప్పందానికి జమ అయినదని మళ్లీ రాయించండి. ఈ ఒక్క వాక్యం లేక రెండవ ఏట, మూడవ ఏట సొమ్ము ఆనవాలు పోగొట్టుకొన్నవారున్నారు.

ఖాళీ చేసే ముందు ఒప్పందంలో ఉన్న గడువు ప్రకారం రాతపూర్వకంగా తెలియజేయండి. చివరి విద్యుత్ బిల్లు చెల్లించి రసీదు ఉంచుకోండి. తాళంచెవి ఇచ్చినట్లు సంతకం తీసుకోండి.

సొమ్ము అందకపోతే, మొత్తం, తేదీలు, ఒప్పందపు వివరాలతో ఒక లేఖ రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. రావలసిన సొమ్ము కొరకు దావా వేసేందుకు సాధారణంగా మూడేండ్ల గడువు ఉన్నది. రేపు మాపని వాయిదాలు వింటూ ఆ గడువు దాటనీయకండి. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టం కల్పించినది. 15100 నంబరుకు ఫోను చేస్తే మార్గం చెబుతారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది.

చివరిగా ఒక మాట. ఇల్లిచ్చేది మేనమామ అయినా, మనూరి అన్న అయినా, కాగితం అడగడం అవమానించడం కాదు. రేపు ఆయన లేని నాడు ఆయన పిల్లలకు ఆ బాకీ సంగతి తెలియజేసేది ఆ కాగితమే. స్పష్టంగా రాసుకొన్న చోట డబ్బూ నిలుస్తుంది, చుట్టరికమూ నిలుస్తుంది.