చెట్టెక్కించు యంత్రము: ఎత్తుట కంటె నిలుపుట ముఖ్యము

మన ప్రాంతమున చెట్టెక్కుట ఎందరికో బ్రతుకుతెరువు. గీత కార్మికుడు మోకు సాయమున తాడి నెక్కును. తోటలలో కూలీలు మామిడి కాయలు కోయుదురు. విద్యుత్తు తీగలకు అడ్డు వచ్చు కొమ్మలను నరుకువారు వేరు. కాలు జారినచో అందరికిని ప్రాణాపాయమే. 2024లో తెలంగాణ ప్రభుత్వము గీత కార్మికులకు కాటమయ్య పేరిట రక్షణ పరికరములు పంచుట ఆరంభించినది.

వ్రేలాడు త్రాడుపై మనిషిని మోటారుతో పైకి చేర్చు యంత్రములు కూడ కలవు. 2004లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు సైనికుల అవసరమునకై ఒకదానిని నిర్మించిరి. వారిలో నాథన్ బాల్ 2007లో లెమెల్సన్ విద్యార్థి బహుమతి నందెను. ఇట్టి యంత్రమును ఇంటిలోని పనిముట్లతో చేయగలమా? చేసినచో ఏ జాగ్రత్తలు వలయును? ఈ రెండు ప్రశ్నలను మేము ఇచట పరిశీలింతుము.

మొదట శక్తి లెక్క. పరికరములతో సహా 80 కిలోల బరువును 20 మీటర్లు ఎత్తుటకు 15,680 జౌళ్ల పని జరుగవలెను. ఒక నిమిషములో ఎత్తదలచినచో 261 వాట్లు చాలును. పండ్ల చక్రములలోను, ఘర్షణలోను కొంత శక్తి వ్యర్థమగును. నూటికి 40 వంతులే దక్కినను 653 వాట్లు, అనగా ఒక అశ్వశక్తికి లోపే. బ్యాటరీతో నడచు పెద్ద డ్రిల్లు మోటారు ఇంచుమించుగా ఈ పనికి సరిపోవును. 18 వోల్టులు, 5 ఆంపియర్ గంటల బ్యాటరీలో 3,24,000 జౌళ్లు ఉండును. లెక్క ప్రకారము ఎనిమిది మార్లు ఎక్కవచ్చును. కనుక ఎత్తుట పెద్ద సమస్య కాదు.

ఇక పట్టు సంగతి. మోటారు త్రిప్పు లోహపు కప్పీకి త్రాడును మూడు చుట్లు చుట్టుదురు. కప్పీ తిరిగినకొలది పై త్రాడు లోనికి వచ్చి క్రిందికి జారిపోవును; యంత్రము మనిషితో సహా పైకి ప్రాకును. ఆయిలర్ పేర ప్రసిద్ధమైన సూత్రము ప్రకారము, ఘర్షణ గుణకము 0.25 అయినచో మూడు చుట్లకు పట్టు 111 రెట్లగును. అనగా క్రింది కొసను ముప్పాతిక కిలో బలముతో లాగి పట్టినను 80 కిలోలు నిలుచును. కాని వానకు తడిసియో, పాచి పట్టియో ఆ గుణకము 0.15కు తగ్గినచో పట్టు 17 రెట్లకు పడిపోవును. అప్పుడు క్రింద సుమారు 5 కిలోల లాగు లేనిదే మనిషి జారును. గుణకములో స్వల్పమైన తేడా, పట్టులో ఎంతటి తేడా!

కావున ఘర్షణనే నమ్మరాదు. మోటారు ఆగినను కప్పీ వెనుకకు తిరుగకుండునట్లు మరచక్రమునో, ఒకే దిక్కునకు తిరుగనిచ్చు పండ్ల చక్రమునో అమర్చవలెను. తానుగా నిలుచు మరచక్రము సగము కంటె ఎక్కువ శక్తిని వ్యర్థము చేయును. అది ప్రాణమునకు చెల్లించు వెల. అదియును కప్పీని ఆపునే గాని, కప్పీపై జారు త్రాడును ఆపజాలదు. అందుచేత వేరొక కొమ్మకు కట్టిన రెండవ త్రాడు, దానిని పట్టుకొను వేరొక పట్టుకొక్కెము తప్పక ఉండవలెను. బ్యాటరీ ఆరిపోయినచో యంత్రము లేకుండ దిగు ఉపాయము కూడ ముందే సిద్ధపరచుకొనవలెను.

కొమ్మ సంగతియు మరువరాదు. త్రాడును కొమ్మ మీదుగా వేసి రెండవ కొసను మొదట కట్టినచో, కొమ్మపై పడు భారము దాదాపు రెండింతలు, అనగా 160 కిలోలు. కొమ్మలు లేని తాడికి ఈ పద్ధతి పొసగదు. గీత కార్మికునికి ఇది మోకు స్థానమును తీర్చునని చెప్పుట సత్యము కాదు. చింత, మామిడి వంటి కొమ్మలు గల వృక్షములకే ఇది తగును.

మన కళాశాల భౌతికశాస్త్ర విద్యార్థులు ఇట్టి నమూనా నొకదానిని నిర్మింపవచ్చును. అందుకు కార్యవర్గము వారు అనుమతియు, అధ్యాపకుల పర్యవేక్షణయు సమకూర్చవలెనని మా మనవి. అయితే మొదటి ప్రయాణికుడు ఇసుక బస్తాయే కావలెను. పొడి త్రాడు మీదను, తడి త్రాడు మీదను బస్తా నెత్తి, నడుమ మోటారు నాపి, అది కదలక నిలుచునా లేదా పలుమార్లు చూడవలెను. బస్తా నిలువని చోట మనిషిని నిలుపరాదు.