గీజర్ కొన్నారు సరే... బిగించిందెవరు?

కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరుగుతాం. ఎన్ని స్టార్లున్నాయో చూస్తాం. గ్యారంటీ ఎన్నేళ్లో అడుగుతాం. తీరా పెట్టె ఇంటికొచ్చాక మాత్రం ‘ఎవరో ఒకరు బిగించేస్తార్లే’ అనుకుంటాం. చిక్కంతా అక్కడే!

కార్తీకం వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున చన్నీళ్లు ముట్టుకోవాలంటే వణుకే. ఒకప్పుడు పెరట్లో కట్టెల పొయ్యి, దాని మీద రాగి కాగు ఉండేవి. కాస్త కలిగిన ఇళ్లలో బొగ్గుల బాయిలర్ కనిపించేది. ఆ తర్వాత బకెట్లో ముంచే హీటర్ వచ్చింది. ఇప్పుడు స్నానాల గది గోడెక్కి గీజర్ కూర్చుంది. చలిదేశాల్లోలా ఇల్లంతా వెచ్చబెట్టుకునే అవసరం మనకు లేదు కాబట్టి మన ఇళ్లలో పెద్ద తాపన యంత్రం అంటే ఇదే.

టీవీ, ఫ్రిజ్, మిక్సీ లాంటివాటిని పొడి చేతులతో ముట్టుకుంటాం. గీజర్ అలా కాదు. తడి ఒంటితో, చెప్పుల్లేని కాళ్లతో, తడి నేల మీద నిలబడి అందులోంచి వచ్చే నీళ్లు నెత్తిన పోసుకుంటాం. పైగా తలుపు గడియ వేసి ఉంటుంది. లోపల ఏదైనా జరిగితే బయటివాళ్లకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే గీజర్ ఏ కంపెనీది అన్నదానికన్నా ఎలా బిగించారన్నదే ముఖ్యం.

ముగ్గురి పని... ఎవరి బాధ్యత?

గీజర్ బిగించడమంటే నిజానికి మూడు పనులు. పెట్టెను గోడకు తగిలించడం ఒకటి, గొట్టాలు కలపడం రెండోది, కరెంటు ఇవ్వడం మూడోది. కంపెనీ మనిషి వస్తాడు, మేకులు కొట్టి తగిలిస్తాడు, ఉన్న ప్లగ్గులో పెట్టి వెళ్లిపోతాడు. ప్లంబర్ గొట్టాల సంగతే చూస్తాడు. మరి ఆ ప్లగ్గు వెనకాల ఎర్త్ ఉందా, వైరు ఆ భారం మోస్తుందా అన్నది చూసేదెవరు? చాలా ఇళ్లలో ఎవరూ చూడరు. కాబట్టి గీజర్ రాకముందే అనుభవమున్న, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి లైను చూపించుకోవాలి.

ఫ్యాన్ ప్లగ్గు పనికిరాదు

మామూలు గీజర్ రెండు కిలోవాట్లది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. క్షణాల్లో కాచే ఇన్‌స్టంట్ గీజర్ మూడు కిలోవాట్లదైతే 13 ఆంపియర్లు. ఫ్యాన్లకూ, ఛార్జర్లకూ వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే చేసింది. గీజర్‌కి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు ఉండాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి అసలు వెళ్లొద్దు.

వైరు కూడా అంతే. రెండు కిలోవాట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మూడు కిలోవాట్లకు 4 చదరపు మిల్లీమీటర్లది వేయించుకుంటే మేలు. బోర్డు నుంచి గీజర్‌కి విడిగా లైను, దానికో ఎంసీబీ ఉండాలి. మధ్యలో అతుకులు ఉండకూడదు. స్విచ్చి స్నానాల గది బయటే ఉండాలి. అదీ ఫేజ్‌నీ, న్యూట్రల్‌నీ రెండింటినీ ఒకేసారి తెంచేది అయితే మంచిది. ప్లగ్గు గోధుమరంగుకు తిరిగినా, పట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా వాడకం ఆపేయండి.

ఎర్త్ ఉందా... పేరుకేనా?

గీజర్లో నీళ్లు కాచే కడ్డీ లోపల కరెంటు తీగ ఉంటుంది. దానికీ, పైనున్న లోహపు తొడుగుకూ మధ్య రక్షణ పొర ఉంటుంది. ఏళ్లు గడిచి, గార పట్టి, ఆ తొడుగు చిట్లితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. ఎర్త్ సరిగా ఉంటే అది భూమిలోకి పోతుంది, లైను ట్రిప్పవుతుంది. లేకపోతే? అది నీళ్లనో కుళాయినో పట్టుకుని మన ఒంట్లోంచే నేలకు దారి చూసుకుంటుంది.

పాత ఇళ్లలో ప్లగ్గుకు మూడో రంధ్రం ఉంటుంది గానీ, దాని వెనక వైరుండదు. కొందరు పనివాళ్లు ఎర్త్‌ని న్యూట్రల్‌కే కలిపేసి ‘అంతా ఒకటేనండీ’ అనేస్తారు. ఒకటి కాదు! ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే గీజర్ ఒళ్లంతా కరెంటే.

మీటరు పెట్టి చూడమనండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. కచ్చితంగా సున్నా చూపిస్తే సంబరపడొద్దు, రెండింటినీ కలిపేశారేమో బోర్డు విప్పి చూడమనండి. ఇది తొలి పరీక్షే. ఎర్త్ టెస్టర్‌తో చేయిస్తే పూర్తి ధీమా. ఎర్త్ గుంత సొంత ఆవరణలో ఉంటే ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తుండాలి.

దీనికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషి ప్రాణాన్ని కాపాడేది ఆర్‌సీసీబీ. కరెంటు కొద్దిగా దారి తప్పినా అది రెప్పపాటులో తెంచేస్తుంది.

కారుతోందని మూసేయకండి!

నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 25 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాస్తే సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వెనక్కి పోయే దారి లేనప్పుడు ఆ పెరిగిన నీళ్లను బయటకు వదిలేందుకే సేఫ్టీ వాల్వ్. గీజర్ పనిచేసేటప్పుడు అక్కడ చుక్కలు రాలుతుంటే అది తన పని తాను చేస్తోందన్నమాట. ఆగకుండా ధారగా కారితే మాత్రం మెకానిక్‌కు చూపించాలి.

చుక్కలు పడుతున్నాయని కొందరు దానికి మూత బిగించేస్తారు. థర్మోస్టాట్ పాడై నీళ్లు మరుగుతూనే ఉంటే ఆ ఒత్తిడి ఎక్కడికి పోవాలి? నీరు ఆవిరైతే మామూలు పీడనం దగ్గర 1,600 రెట్లకు పైగా విస్తరిస్తుంది. గీజర్ పేలిపోయేది ఇలాంటప్పుడే. వాల్వ్‌కి చిన్న గొట్టం తగిలించి నీళ్లు నేల మీదికి పోయేలా వదిలేస్తే సరి.

గోడ బలం, గొట్టం గుణం

25 లీటర్ల గీజర్ నిండితే దాదాపు 35 కిలోల బరువు. తలకు పైన వేలాడే బరువది. పలచటి అడ్డుగోడకు కాకుండా గట్టి గోడకు, యాంకర్ బోల్టులతో బిగించాలి. వేడినీళ్లకు సీపీవీసీ గొట్టాలు వాడాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడిపోతుంది. బిగించాక ముందు వేడినీళ్ల కుళాయి తిప్పి, నీళ్లు ఆగకుండా ధారగా వచ్చాకే స్విచ్చి వేయాలి. ఖాళీ గీజర్ ఆన్ చేస్తే కడ్డీ మాడిపోతుంది.

గ్యాస్ గీజరైతే...

దీంతో ప్రమాదం మరో రకం. స్నానాల గదిలో గ్యాస్ మండితే అక్కడి ప్రాణవాయువు తగ్గిపోతుంది. మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, మగత, ఆపైన స్పృహ తప్పడం... కేక వేసే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. అందుకే గ్యాస్ గీజర్ స్నానాల గదిలో ఉండకూడదు. గాలి ధారాళంగా ఆడే బయటి చోట పెట్టి, లోపలికి వేడినీళ్ల గొట్టం మాత్రమే తేవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిలే అన్న ధైర్యం పనికిరాదు.

బిగించేటప్పుడు పక్కనే ఉండండి

* గీజర్ మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూసుకోండి. బిగించిన తేదీ వారంటీ కార్డు మీద రాయించుకోండి.
* బోరు నీళ్లయితే గార త్వరగా పడుతుంది. ఏటా సర్వీసు చేయించండి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపలుండే యానోడ్ కడ్డీ అరిగిపోతే మార్పించండి.
* 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లలోనే చర్మాన్ని తీవ్రంగా కాల్చేస్తాయి. పిల్లలకు అంతసేపు కూడా పట్టదు. ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేన్నీళ్లు కలపండి.
* నీళ్లు కాగాక స్విచ్చి ఆపేసి స్నానానికి వెళ్లడం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి.
* ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాత 108కి ఫోన్ చేయండి.

ఆదివారమే కదా, ఓ చిన్న పని చేయండి. మీటరు బోర్డు దగ్గరకెళ్లి, ఆర్‌సీసీబీ మీద ‘టీ’ అక్షరమున్న బటన్ నొక్కండి. టక్కున పడిపోయిందా... మంచిదే, మళ్లీ పైకెత్తి నెలకోసారి ఇలాగే చూసుకోండి. పడలేదా? అసలు ఆ బటనే కనిపించలేదా? అయితే ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా గీజర్ స్విచ్చి వేయకండి. నాలుగు రోజులు పొయ్యి మీద నీళ్లు కాచుకుంటే నష్టమేం లేదు.