అన్నముతో తీరని ఆకలి

పుట్టినదినము వచ్చినను, పెద్దల తిథి వచ్చినను మన గృహస్థులు అనాథశరణాలయమునకు పోయి పిల్లలకు భోజనము పెట్టించుట నేడు ఆచారమైనది. మంచి ఆచారమే. కాని విస్తరి ఎత్తిన తరువాత ఆ బిడ్డ మనస్సులో నేమున్నదో అడిగినవారెవరు? తల్లిని తలచి రాత్రి నిద్రపట్టని పిల్లవాడు ఉదయమున తోటివానిని కొట్టును. వానికి శిక్ష పడును. కొట్టిన చేయి అందరికిని కనబడినది. కొట్టించిన దుఃఖము ఎవరికిని, తుదకు వానికిని కనబడలేదు.

తన భావములను, ఎదుటివాని భావములను గుర్తెరిగి, వానిని వేర్వేరుగ తెలిసికొని, ఆ తెలివిని నడవడికి వినియోగించుకొను శక్తిని సాలొవే, మేయరు అను అమెరికా పండితులు 1990లో ఎమోషనల్ ఇంటెలిజెన్సు అని నిర్వచించిరి. భావప్రజ్ఞ యని మనము చెప్పుకొనవచ్చును. శోకము వేరు, క్రోధము వేరు, భయము వేరని స్థాయిభావములను పేరుపేరున విడదీసి చెప్పిన భరతముని దేశమునకు ఈ మాట వింత గాదు. ఈ తెలివి అందరికంటె అవసరమైన పిల్లలకే మనమది నేర్పకుండుట వింత.

ఇది ఉపన్యాసములచే అలవడునది కాదు. ప్రాగు నగరమునకు వాయవ్యమున టెరెజీన్ అను కోటపట్టణము గలదు. 1941 నవంబరులో నాజీలు దానిని యూదులకు చెరగా మార్చిరి. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అను చిత్రకారిణి 1942 డిసెంబరులో అచ్చటికి కొనిపోబడెను. ఆమె పిల్లల నివాసములలో వారిని గుంపుగా కూర్చుండబెట్టి, దొరికిన చిత్తుకాగితములపై బొమ్మలు వేయించెను. వారిని చిత్రకారులను చేయుట ఆమె ఉద్దేశ్యము గాదు. చెర యంకెలుగా మార్చిన ఆ బిడ్డలచేత ఆమె బొమ్మలపై వారి పేర్లు వ్రాయించెడిది. 1944 అక్టోబరులో ఆమె ఆష్విట్సులో చంపబడెను. పిల్లలలో పెక్కుమందియు హతులైరి. రెండు పెట్టెలలో దాచిన 4,000 పైచిలుకు బొమ్మలు మిగిలినవి. బొమ్మలు ప్రాణములను కాపాడునని మేము చెప్పము. కాని చెరలో నున్న బిడ్డకును లోపల ఒక లోకము గలదని అవి నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి.

ఆమె శిష్యురాలు ఈడిత్ క్రామర్ 1938లో అమెరికా చేరి, 1950 మొదలు ఏడేండ్లు న్యూయార్కు రాష్ట్రములోని విల్ట్‌విక్ బాలుర వసతి పాఠశాలలో ఈ పని సాగించెను. ఆ యనుభవమును 1958లో గ్రంథముగా వెలువరించెను. పిల్లవాని చేయి తడబడినచోట తన చేయి అందించి, తన అభిరుచిని మాత్రము వానిపై రుద్దకుండుట గురువు ధర్మమని ఆమె బోధ. దానికే తరువాత ‘మూడవ చేయి’ అని పేరిడెను.

గుంపుగా వేయుటలో ఒక మేలున్నది. కోపమును తోటివాని వీపుమీద గాక కాగితముమీద ఎఱ్ఱరంగుగా పెట్టిన బాలుడు దానిని ఎదుట నుంచుకొని చూడగలడు. పక్కవాడు ‘నాకును ఇట్లే యుండును’ అన్ననాడు వాని ఒంటరితనము సగము తీరును. ఒక్క కుంచెకై వేచియుండుటలో, ఇతరుని బొమ్మను చింపకుండుటలో ఓర్పు అలవడును.

1897 నాటి రిఫార్మేటరీ పాఠశాలల చట్టమున తెల్లదొరలు బాలునకు చేతిపని నేర్పవలయునని విధించిరి. మనస్సు మాట తలపెట్టలేదు. మన పార్లమెంటు చేసిన 2015 నాటి బాలల న్యాయచట్టము అన్నవస్త్రములతో పాటు మానసిక సహాయమును, సాంస్కృతిక కార్యములను గూడ పునరావాసములో చేర్చినది. చట్టమున నున్నది సదనపు గడప లోనికి రావలయును.

అయితే అతిథులు వచ్చినపుడు గోడకు తగిలించుటకు గాని, పిల్లవాని నేరమును బొమ్మనుండి రాబట్టుటకు గాని ఈ పని చేయరాదు. శిక్షణ పొందినవారు వారము తప్పక రావలయును. ఒక్కదినము వచ్చి, పొగడ్తలు పంచి మరలిపోవువారు ఆ పిల్లలకు మరియొక ఎడబాటునే మిగిల్తురు.

కావున దాతలకు మా మనవి: తిథినాటి భోజనము మానవలదు. దానితోపాటు ఏడాదికి సరిపడు కాగితములకును, రంగులకును, వారము వారము వచ్చు ఉపాధ్యాయుని జీతమునకును ఏర్పాటు చేయుడు. అన్నము పెట్టినపుడు కడుపునిండ తింటివా యని అడుగుదుము. బొమ్మ చూచి, ‘ఇందులో ఏమున్నది నాయనా?’ యని అడుగుటకును ఆ బిడ్డకు ఒకరుండవలయును.